ఒకే కప్పు క్రింద నుండి విడిపోవునప్పుడు



ఈ మాసపు పాఠమునకు ముందుగా ఆదికాండము 13వ అధ్యాయమును చదువుకొనుడి. అబ్రాము, లోతు కలిసి నివసించుటకు ఆ ప్రదేశము చాలలేదు. కలహము మొదలైనది వారిద్దరి మధ్య కాదు, వారి పశువుల కాపరుల మధ్య. మన యౌవనస్థుల గదులలోనూ అంతే. గ్యాసు బండ ఎవరు తెచ్చిరి, గిన్నెలు ఎవరు కడిగిరి అను చోట మొదలగును.

కనకమ్మ సత్రంలో మన పిల్లలిద్దరు ఒక ఇల్లు లీజుకు తీసికొనిరి. తమిళనాట బాడుగ వేరు, లీజు వేరు. లీజు అనగా పెద్ద మొత్తము ఒకేసారి ఇంటివారికి ఇచ్చి, నెలనెలా బాడుగ లేకుండ ఉండి, ఖాళీ చేయునాడు ఆ మొత్తము తిరిగి పుచ్చుకొనుట. వీరు చెరి లక్షన్నర వేసి మూడు లక్షలు ఇచ్చిరి. పత్రము మాత్రము పెద్దవాని పేర వ్రాయించిరి. ఎనిమిది నెలలకు మాటా మాటా పెరిగెను. చిన్నవాడు రాత్రికి రాత్రే పెట్టె సర్దుకొని తిరుత్తణి బస్సు ఎక్కెను. ఊరి పేరులో సత్రమున్నది గాని, మూట కట్టుకొని వెళ్లిపోవుటకు అది సత్రము కాదు గదా!

"మాస్టారూ, నా డబ్బు ఇప్పించండి" అని మా యొద్దకు వచ్చెను. ఇంటివారు, "పత్రములో ఉన్నవాడే మాకు తెలుసును, గడువు ఇంకను ఉన్నది" అనిరి. పెద్దవాడు, "నేను పొమ్మనలేదే" అనెను. ఇద్దరిలో ఎవరి మాటా అబద్ధము కాదు.

మేము చేసిన పొరపాటు ఒకటి చెప్పవలెను. చేతులు కలిపించి, ప్రార్థన చేసి, మరల ఒకే గదికి పంపితిమి. రెండు వారములు కూడ నిలువలేదు. విడిపోదమని అడిగినవాడు అబ్రామే అని మాకు తరువాత గుర్తు వచ్చెను.

గది విడుచుట వేరు, ఒప్పందము విడుచుట వేరు. ఇద్దరూ సంతకము చేసినచో, పత్రములో వేరుగా వ్రాసికొననంతవరకు, 1872 నాటి కాంట్రాక్టు చట్టము 43వ సెక్షను ప్రకారము ఇంటివారు మొత్తము బాకీని ఇద్దరిలో ఎవరినైనను అడుగవచ్చును. కట్టినవాడు రెండవవాని వాటాను అతని యొద్ద రాబట్టుకొనవచ్చును. సంతకము చేయనివాని చిక్కు ఇంకొకటి: డబ్బు ఇచ్చినట్లు రుజువు చూపవలసినవాడు తానే. తమిళనాడు 2017లో చేసి, 2019 ఫిబ్రవరి 22 నుండి అమలు పరచిన అద్దె చట్టము ఒప్పందము వ్రాతలో ఉండి, నమోదు కావలెనని చెప్పుచున్నది. నోటిమాట మీద లక్షలు పెట్టకుడి.

ఈసారి ముగ్గురిని ఒకచోట కూర్చుండబెట్టితిమి. చిన్నవాడు బ్యాంకు ద్వారా పంపిన లెక్క ఉండుట మేలైనది. అతని స్థానములో నగరి వైపు పిల్లవాడొకడు వచ్చుటకు ఇంటివారు ఒప్పుకొనిరి. పాత పత్రము రద్దు చేసి, క్రొత్తది ఇద్దరి పేర వ్రాయించిరి. ఇక్కడ కరెంటు బిల్లు రెండు నెలలకొకసారి వచ్చును గనుక, ఆ దినమే మీటరు అంకె వ్రాసికొని చిన్నవాని వాటా తేల్చితిమి. బిల్లు వచ్చువరకు ఆగినచో అది ఇంకొక తగవు. సున్నము ఖర్చు కూడ తీసివేసి మిగిలినది అతని చేతిలో పెట్టిరి. రెండుసార్లు లెక్కించుకొనెను. పలకరింపులు ఏమియు లేవు. అయితే మేడమీద మరచిపోయిన అతని సైకిలును పెద్దవాడే క్రిందికి మోసికొని వచ్చెను.

వచ్చు మాసపు పాఠమునకు 14వ అధ్యాయము చదివి రండి. లోతు చెరపట్టబడగా 318 మందితో అతనిని విడిపించుటకు వెళ్లినది ఎవరో అందులో ఉన్నది.