ముందు చోటు, తర్వాతే విషయం

తల్లీ,

నీ వైర్‌లెస్ సెట్టు పాడవలేదు. నీ గొంతులోనూ లోపం లేదు. నువ్వు నిలబడి పిలిచిన చోటే తప్పు అయివుంటుంది. ఎన్నిసార్లు పిలిచినా కంట్రోల్ రూమ్ పలకలేదనీ, అదే సెట్టు తీసుకుని పక్క బీటు అబ్బాయి పిలిస్తే వెంటనే పలికారనీ, వాచర్ల ముందు తల కొట్టేసినట్టయిందనీ రాశావు. నువ్వు వాగులో ఉండి పిలిచావా, గట్టెక్కి పిలిచావా అన్నది మాత్రం రాయలేదు. నాకు కావలసింది అదే. నల్లమలలో ఏ వాగులోకి దిగినా రెండు పక్కలా కొండే. మన సెట్లు వాడే వీహెచ్‌ఎఫ్ తరంగం కొండలెక్కి దిగేది కాదు. ఇంచుమించు కంటిచూపులాగే తిన్నగా పోతుంది. చదును నేల మీద నోటి ఎత్తున పట్టుకున్న సెట్టుకు దిగంతం 5 కిలోమీటర్ల దగ్గరే ఉంటుంది. చుట్టూ ఉన్న నేలకంటే 100 మీటర్ల ఎత్తున్న గుట్ట ఎక్కితే అది 40 దాటుతుంది. సెట్టు మారలేదు, దాని 5 వాట్ల బలమూ మారలేదు.

రిపీటర్‌ను కొండమీద పెట్టేది అందుకే. నీ మాటను ఒక ఫ్రీక్వెన్సీలో అందుకుని, ఆ క్షణంలోనే మరో ఫ్రీక్వెన్సీలో ఇంకా బలంగా చుట్టుపక్కలకంతా వదులుతుంది. కాబట్టి నువ్వు చేరాల్సింది రిపీటర్ దాకానే, కంట్రోల్ దాకా కాదు. చేరావో లేదో తెలుసుకోవడం చాలా తేలిక, ఎవరూ చెప్పనట్టున్నారు. బటన్ నొక్కి మాట్లాడి వదలగానే చెవి పెట్టి విను. రిపీటర్ నిన్ను అందుకుని ఉంటే, వదిలిన తర్వాత ఒక్క లిప్తసేపు ‘ఖుష్’మని వచ్చి ఆగిపోతుంది. ఆ ఖుష్ వచ్చిందీ, అయినా ఎవరూ పలకలేదూ అంటే అవతల మనిషి కుర్చీలో లేడన్నమాట, కాసేపాగి పిలువు. ఖుష్ రాలేదంటే నీ మాట లోయ దాటలేదు. అక్కడే నిలబడి గొంతు చించుకుంటే లాభం లేదు, సెట్టుకు నీ అరుపుతో పని లేదు. నాలుగడుగులు పక్కకు జరుగు. నడుముకున్న సెట్టు తీసి ముఖం ఎత్తుకు తెచ్చి, యాంటెన్నా నిటారుగా ఉంచు. అప్పటికీ రాకపోతే గట్టెక్కు. మీ వాళ్ళు నలుగురూ ఒకే లోయలో ఉంటే అసలు రిపీటర్ ఎందుకు? డైరెక్ట్ ఛానెల్‌కు మార్చుకుని మీలో మీరు మాట్లాడుకోండి.

నీ రెండో బాధ, అందరూ వింటారని గొంతు పెగలడం లేదన్నది. అందరూ వినడమే సెట్టు గొప్ప, పిచ్చిదానా! ఫోనులో ఒక్కరికి చెబుతావు, ఆ ఒక్కరూ ఎత్తకపోతే అంతే. సెట్‌లో కంట్రోల్‌కు నీ మాట సరిగా అందకపోయినా, ఎత్తున ఉన్న మరో బేస్ క్యాంపు వాడు విని ‘నేను చెబుతా’నని అందుకుంటాడు. ఎందరో వింటున్నారు కాబట్టే నువ్వు అడవిలో ఒంటరివి కావు.

ఇక నేను ఎవరికి నేర్పినా మొదటిరోజే చెప్పిన మాట ఒకటుంది: ముందు చోటు చెప్పు, తర్వాతే విషయం. నువ్వెవరో, ఎవరిని పిలుస్తున్నావో అయ్యాక నోట్లోంచి రావలసిన తొలిమాట నువ్వున్న చోటు. బీటు, కంపార్ట్‌మెంట్ నంబరు, దగ్గరలో ఉన్న కుంటో వాగో. ఏం జరిగిందో ఆ తర్వాత. ఇంకేం కావాలో ఆ తర్వాత.

ఇది ఇంత పట్టుబట్టి ఎందుకు చెబుతానో విను. ఒక వేసవిలో నేను కంట్రోల్‌లో కూర్చుని ఉండగా గస్తీకి వెళ్ళిన వాచర్ల నుంచి పిలుపు వచ్చింది. మాట వెనకాలే వెదురు కణుపులు టపటపా పేలుతున్న చప్పుడు వినబడుతోంది, మంట అంత దగ్గర. ఆ మనిషి కంగారులో మంట ఎంత ఎత్తు లేచిందో, గాలి ఎటు తిరిగిందో, మనుషులు ఎందరున్నారో అన్నీ చెప్పాడు. చోటు చెప్పబోతుండగా సెట్టు ఆగిపోయింది. వాళ్ళది ఏ క్యాంపో తెలుసు. కానీ వాళ్ళు క్యాంపులో లేరే! ఆ క్యాంపు కింద ఉన్న అడవి ఒక పూటలో తిరిగేదా? రెండు జీపులు రెండు దిక్కులా పంపి, ఎదుటి గుట్టమీది వాళ్ళను పొగ కోసం చూడమన్నాం. మనుషులకు ఏమీ కాలేదు, అదే పదివేలు. అగ్గి మాత్రం ఫైర్ లైన్ దాటి అవతలి వెదురుపొదల్లోకి పోయింది. అంతసేపు మాట్లాడిన ఆ మనిషి మొదటి మాటగా ఒక్క కుంట పేరు చెప్పి ఉంటే, మిగిలిందంతా మేం చూసుకునేవాళ్ళం.

చోటు తెలియకపోతే అడవి ఎంత పెద్దదవుతుందో ఈ రాష్ట్రం మొత్తం ఒకసారి చూసింది. 2009 సెప్టెంబరు 2న, ముఖ్యమంత్రిగా ఉన్న రాజశేఖరరెడ్డిగారి హెలికాప్టర్ ఈ నల్లమలలోనే పావురాలగుట్ట మీద కూలింది. ముఖ్యమంత్రి కోసం అందరూ వెతికినా ఆచూకీ దొరికింది మర్నాడే. నీలాంటి బీట్ ఆఫీసర్ కోసం ఎందరు వెతుకుతారో నువ్వే ఆలోచించుకో. గస్తీకి బయల్దేరేముందు ఏ దారిన పోతున్నావో, ఎన్నింటికి మళ్ళీ పలుకుతావో చెప్పి కదులు. చెప్పిన వేళకు పలుకు. ఏమీ లేకపోయినా ‘ఏమీ లేదు’ అని పలుకు.

నీ ఫోనుకు సిగ్నల్ లేకపోయినా నువ్వెక్కడున్నావో దానికి తెలుసు, జీపీఎస్ ఉపగ్రహాల నుంచి నేరుగా అందుకుంటుంది. గస్తీ నమోదుకు ఎం-స్ట్రైప్స్ యాప్ తెరిచే ఉంటావు కదా. అందులో కనబడే అంకెలు చూసి సెట్‌లో చదువు. ఒక్కొక్క అంకె విడివిడిగా, నిదానంగా. ఇక్కడ మన తెలుగు కాస్త చిక్కు పెడుతుంది. చాలామంది బటన్ నొక్కుతూనే మాట మొదలుపెడతారు. రిపీటర్ తెరుచుకునేలోపు మొదటి అక్షరం పోతుంది. అప్పుడు మూడుకూ ఏడుకూ మిగిలేది ‘డు’ ఒక్కటే. ఎనిమిదీ తొమ్మిదీ కూడా చివర ‘మిది’ అనే వినబడతాయి. నొక్కాక ఒక సెకను ఆగి మాట్లాడు. అవతలివాళ్ళు అంకెలు తిరిగి చదివేదాకా వదలకు.

చివర్లో తొందరపడితే ఇంకా ముప్పు. మన భాషలో కాదనే మాట వాక్యం చివరనే కూర్చుంటుంది. ‘వాగు దారిన రావద్దు’ అని చెబుతూ ‘వద్దు’ దగ్గర వేలు తీసేశావనుకో, అవతల వినబడేది ‘వాగు దారిన రా’. ఎలుగు పిల్లలతో ఉన్న దారిలోకి నువ్వే పిలిచినట్టవుతుంది. అందుకని ఆపవలసి వస్తే ఆ మాట ముందు పెట్టు: ‘ఆగండి, ఆగండి. వాగు దారి వద్దు.’ మాట పూర్తయ్యాక ఒక క్షణం ఉండి వేలు తియ్యి. ‘అదీ... ఏంటంటే సార్...’ అని నసిగే అలవాటు నీకు చిన్నప్పటి నుంచీ ఉంది, సెట్ దగ్గర మానుకో. నువ్వు బటన్ నొక్కి ఉన్నంతసేపూ ఆ ఛానెల్‌లో ఇంకెవరికీ దారి లేదు. పాము కరిచినవాడు పిలుస్తున్నా వినబడదు. సెట్టు నడుముకూ బెల్టుకూ మధ్య ఇరుక్కుని బటన్ దానంతటదే నొక్కుకుపోవడం కూడా జరుగుతుంది, కూర్చున్నప్పుడల్లా చూసుకో.

పులి కనబడితే, పాదముద్ర దొరికితే ఊరూపేరూ పెట్టి సెట్‌లో చెప్పకు. అనలాగ్ సెట్టు మాట అలాంటి సెట్టున్న ఎవడైనా వినగలడు. దానికి మీ రేంజిలో ఒక సంకేతం ఉంటుంది, అడిగి తెలుసుకో. వేటగాళ్ళ ఉచ్చుల దగ్గర మాటు వేసినప్పుడు ఇయర్‌ఫోన్ పెట్టుకో, లేదా వాల్యూమ్ పూర్తిగా తగ్గించు. రాత్రివేళ అడవిలో సెట్టు గరగర ఎంతదూరం పోతుందో నువ్వు ఊహించలేవు.

బ్యాటరీ సంగతి క్లుప్తంగా. కంపెనీవాళ్ళు ఇన్ని గంటలు వస్తుందని చెప్పే లెక్క, నూటికి 5 వంతులు మాట్లాడి, 5 వంతులు విని, 90 వంతులు ఊరకుంటే వచ్చేది. మాట్లాడేటప్పుడు ఊరకున్నప్పటికంటే పదింతలకు పైగా కరెంటు తాగుతుంది. దగ్గరివాళ్ళతో లో పవర్ చాలు. మీ క్యాంపు సోలార్ ప్యానెల్ మీద ముసురు రోజుల్లో ఆశ పెట్టుకోవద్దు, రెండో బ్యాటరీ ఎండ ఉన్నప్పుడే నింపి ఉంచుకో. ఐపీ67 సెట్టు మీటరు లోతు నీళ్ళలో అరగంట తట్టుకుంటుంది, నిజమే. పక్కనున్న సాకెట్ మీది రబ్బరు మూత ఊడిపోతే ఆ మాట చెల్లదు. వాన మొదలవకముందే ఆ మూత చూడు. యాంటెన్నా పట్టుకుని సెట్టు ఊపుతూ తిరిగినట్టు తెలిస్తే మాత్రం ఊరుకోను. అది ఊడిపోయి, యాంటెన్నా లేకుండా బటన్ నొక్కితే లోపలి ట్రాన్స్‌మిటర్ కాలిపోగలదు.

నీ హైదరాబాదు స్నేహితులు ఈ సెట్టును పాత సామాను అని నవ్వారట. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు అండమాన్‌లో ఫోన్లు మూగబోతే, అప్పటికే హామ్ రేడియోతో పోర్ట్ బ్లెయిర్ వెళ్ళి ఉన్న భారతీ ప్రసాద్‌గారి బృందం బయటి ప్రపంచానికి కబురు అందించింది. ఆ బృందం వెనకున్న నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో వాళ్ళ హైదరాబాదులోనిదే. ఆ సంగతి వాళ్ళకు చెప్పు. వీలైతే నువ్వూ హామ్ లైసెన్సు పరీక్ష రాయి. తరంగం ఎలా నడుస్తుందో చదువుకున్నవాళ్ళకు సెట్టు మీద భయం ఉండదు.

ఈ నెలలో ఒక పని చెయ్యి. మీ చెంచు వాచర్లను వెంట పెట్టుకుని బీటంతా తిరుగు. ఏ బండ మీద నిలబడితే ఖుష్ వస్తుందో, ఏ వాగులో రాదో నోటుపుస్తకంలో పటం గీసుకో. ఎత్తులూ పల్లాలూ వాళ్ళకు తెలిసినంతగా నీకూ నాకూ తెలియవు, వాళ్ళు చూపించిన చోట ముందు నొక్కి చూడు. ఆ పటం ఒక కాపీ క్యాంపు గోడకు అంటించు, ఇంకొకటి నాకు పంపు. బదిలీ అయిన రోజు నీ తర్వాత వచ్చే వాళ్ళ చేతికి సెట్టుతోపాటు దాన్నీ ఇచ్చి రా.

ఆశీస్సులతో,
మీ మావయ్య