ఉచిత టెలివిజనుకు ఎన్ని దారులు? – బ్రిటన్ అనుభవము నేర్పు పాఠము

రాత్రి చావడి యెదుట బుర్రకథ జరిగినది. పొలమునకు నీరు కట్టుటకు పోయిన రైతు దానిని వినలేకపోయెను. మరునాడు విన్నవారి నడిగి తెలిసికొనుట తప్ప అతనికి వేరు మార్గము లేదు. టెలివిజన్ వచ్చిన తరువాత కూడ చాలకాలము సంగతి ఇట్లే యుండెను. ప్రసారవేళకు సెట్టు ముందు కూర్చున్నవానికే కార్యక్రమము దక్కెడిది. ఇంటర్నెట్ వచ్చిన పిమ్మట ఈ నిర్బంధము సడలినది. సాయంకాలపు వార్తలను మరునాటి ఉదయమున చూడవచ్చును. గత వారపు నాటకమును ఈ వారము చూడవచ్చును.

ఈ సదుపాయమును కొన్ని సేవలు ఉచితముగా ఇచ్చుచున్నవి. అది ఎంతవరకు ఉచితము? ఎవరికి ఉచితము? ఒకే పనికి అనేక వేదికలు పోటీపడినచో చూచువానికి లాభమా, నష్టమా? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకువారికి బ్రిటన్ దేశపు అనుభవము మిక్కిలి ఉపయోగపడును. ఆ దేశమున ఈ ప్రయత్నము రెండు దశాబ్దములకు పైగా సాగుచున్నది. దానినుండి మన గ్రామములు గ్రహింపదగిన సంగతులను ఇచ్చట వివరింతుము.

మూడు దారులు

చందా లేకుండ టెలివిజన్ ఇంటికి చేరుటకు మూడు దారులు కలవు. మొదటిది నేలపై నిలిపిన ప్రసార స్తంభము. దానికి ఇంటిపై యాంటెనా చాలును. రెండవది ఉపగ్రహము, దానికి డిష్ కావలెను. మూడవది ఇంటర్నెట్. కేబులు సాధారణముగా చందాపై నడచునది కావున దానిని ఇచ్చట విడిచిపెట్టుచున్నాము.

మొదటి రెండు దారులు వాన వంటివి. ఒక పొలము తడిసినను, వేయి పొలములు తడిసినను మేఘమునకు శ్రమ ఒక్కటే. ఇంటర్నెట్ దారి కాలువ వంటిది. ప్రతి పొలమునకు వేరుగా బోదె తీయవలెను. అందరును ఒక్కసారిగా నీరు పెట్టినచో చివరి పొలమునకు ధార సన్నగిల్లును. అయినను కాలువకు ఒక సుగుణము కలదు. వాన తనకు తోచినప్పుడు కురియును. కాలువ నీటిని మనకు కావలసిన వేళకు పెట్టుకొనవచ్చును. గడచిన కార్యక్రమమును మరల చూచుటకు ఇంటర్నెట్ అనుకూలమగుటకు కారణ మిదియే.

కాని కాలువ నీటికి లెక్క యుండును. గంటసేపు సామాన్యమైన స్పష్టతతో చూచినచో సుమారు 1 జీబీ డేటా ఖర్చగును. హెచ్‌డీ స్పష్టతకు 3 జీబీ వరకు కావచ్చును. కార్యక్రమము ఉచితమైనను, దానిని మోసికొనివచ్చు దారికి వెల చెల్లింపవలసియే యున్నది.

బ్రిటన్‌లో జరిగినది

బ్రిటన్‌లో బీబీసీ, ఐటీవీ, చానల్ 4, చానల్ 5 అనునవి ప్రజాసేవా ప్రసారసంస్థలు. ప్రసారములను చూచు ప్రతి ఇంటివారును సంవత్సరమునకు ఒక లైసెన్సు రుసుము చెల్లింపవలెను. 2025 ఏప్రిల్‌లో ఇది 174.50 పౌండ్లుగా నిర్ణయింపబడెను. కావున అచ్చట ఉచితమనగా నెలవారీ చందా లేదని మాత్రమే అర్థము.

2002లో ఐటీవీ డిజిటల్ అను చందా సేవ దివాలా తీసెను. అదే సంవత్సరము అక్టోబరు 30న ఫ్రీవ్యూ అను ఉచిత సేవ యాంటెనా మార్గమున ప్రారంభమయ్యెను. సుమారు 100 పౌండ్లతో ఒక పెట్టె కొని తగిలించినచో నెలవారీ వెల లేకుండ అనేక చానళ్లు వచ్చెడివి. చందా సేవ విఫలమైన దారిలోనే ఉచిత సేవ ప్రజాదరణ పొందెను. 2008 మే నెలలో బీబీసీ, ఐటీవీ కలిసి ఫ్రీశాట్ అను ఉచిత ఉపగ్రహ సేవను ఆరంభించినవి.

ఇంతలో 2007 డిసెంబరు 25న బీబీసీ ఐప్లేయర్ అను ఇంటర్నెట్ సేవను ప్రజలకు అందించెను. ప్రసారమైన కార్యక్రమములను అందు సామాన్యముగా 7 దినములలోపల మరల చూడవచ్చును. ఈ గడువు 2014లో 30 దినములకును, 2019లో సాధారణముగా 12 నెలలకును పెంచబడెను. అయితే 2016 సెప్టెంబరు నుండి ఐప్లేయర్‌లో బీబీసీ కార్యక్రమములను చూచుటకు కూడ లైసెన్సు అవసరమయ్యెను.

ప్రతి సంస్థయు ఇట్టి సేవను విడివిడిగా పెట్టుకొనుటకంటె అందరును కలిసి ఒకే అంగడి తెరచుట మేలని కొందరు తలంచిరి. బీబీసీ వాణిజ్యశాఖ, ఐటీవీ, చానల్ 4 కలిసి కంగారూ అను పేర ఒక పథకము సిద్ధపరచినవి. ఇందువలన పోటీ తగ్గునని పోటీ వ్యవహారముల కమిషన్ 2009 ఫిబ్రవరిలో దానిని నిలిపివేసెను. సదుద్దేశముతో చేసిన ఈ నిర్ణయముపై నేటికిని వాదములు కలవు. ఏలననగా, 2012 జనవరిలో అమెరికా సంస్థయైన నెట్‌ఫ్లిక్స్ ఆ దేశమున ప్రవేశించెను. స్వదేశపు ప్రసారసంస్థల ఉమ్మడి అంగడి మాత్రము అప్పటికి తెరువబడియుండలేదు.

పోటీ వేదికలు

2012 జూలైలో యూవ్యూ అను వేదిక వెలువడెను. నాలుగు ప్రసారసంస్థలు, బీటీ, టాక్‌టాక్ అను టెలిఫోను సంస్థలు, ప్రసార స్తంభములను నడపు ఆర్కివా సంస్థ, మొత్తము ఏడుగురు దానిలో భాగస్వాములు. యాంటెనా చానళ్లను, ఇంటర్నెట్‌లోని పాత కార్యక్రమములను ఒకే పట్టికలో చూపుట దీని విశేషము. రిమోటుతో పట్టికను వెనుకకు జరిపి, ఏడు దినముల వెనుకటి కార్యక్రమమును ఎన్నుకొనవచ్చును. అక్షరజ్ఞానము కొలదిగా ఉన్నవారికిని ఇది సులభమైన పద్ధతి. కాని అంగడిలో మొదటి పెట్టె వెల 299 పౌండ్లు. బీటీ, టాక్‌టాక్ తమ ఇంటర్నెట్ చందాదారులకు దీనిని చందాతో కలిపి ఇచ్చుచుండెను. అందుచేత ఉచిత టెలివిజన్ పెట్టె కాలక్రమమున చాల ఇండ్లకు చందా సంచిలోనే చేరెను.

2015 అక్టోబరులో ఫ్రీవ్యూ ప్లే వచ్చెను. వెనుకకు జరుపు పట్టిక దీనిలోను కలదు. ఇది అనేక క్రొత్త సెట్లలోనే ఇమిడి వచ్చుటచే ప్రత్యేకముగా పెట్టె కొనవలసిన పని తగ్గినది. ఒకే ప్రసారసంస్థలు ఇట్లు యూవ్యూకును, ఫ్రీవ్యూ ప్లేకును, ఫ్రీశాట్‌కును భాగస్వాములై నిలిచినవి. ఒకే ఊరివారు ఒకే నీటికొరకు మూడు బావులు త్రవ్వినట్లయ్యెను.

పోటీవలన మేలు లేకపోలేదు. ఒక వేదికలో కనబడిన మంచి పద్ధతి వేరొకదానికి ప్రాకినది. కాని సామాన్య గృహస్థునకు చిక్కులును కలిగినవి. ఒక పెట్టెలోనున్న యాప్ వేరొక పెట్టెలో ఉండదు. సెట్టు పాతదైన కొలదియు దానిలోని యాప్‌లకు మార్పులు అందుట ఆగును. బొమ్మ చక్కగా కనబడుచున్న సెట్టు సయితము పాత కార్యక్రమములను చూపుట మానివేయును. యాంటెనాతో నడచిన పాతకాలపు సెట్టు చెడిపోవువరకు పనిచేసెడిది; ఇంటర్నెట్ సెట్టు చెడిపోకమునుపే ముసలిదగును.

2024 ఏప్రిల్ 30న నాలుగు ప్రసారసంస్థల ఉమ్మడి సంస్థయైన ఎవ్రీవన్ టీవీ ఫ్రీలీ అను సేవను ప్రారంభించెను. యాంటెనా గాని, డిష్ గాని లేకుండ, ఇంటి వై-ఫై ద్వారా ప్రత్యక్ష ప్రసారములను సయితము దీనిలో చూడవచ్చును. అదే సంవత్సరము మే నెలలో వచ్చిన మీడియా చట్టము మరియొక రక్షణ కల్పించినది. ఇంటర్నెట్ టెలివిజన్ వేదికలలో ప్రజాసేవా ప్రసారములు సులభముగా కనబడునట్లు ఉంచవలెనని దాని ఆశయము. వస్తువు ఎంత మంచిదైనను అంగడి మూలనున్నచో కొనువారి కంటబడదు కదా!

స్తంభము కూల్చినచో ఎవరికి నష్టము?

ఇప్పుడు అసలు ప్రశ్న వచ్చుచున్నది. అందరును ఇంటర్నెట్ ద్వారా చూడగలిగినచో ప్రసార స్తంభములకు ఖర్చు ఏల అని కొందరు అడుగుచున్నారు. యాంటెనా సేవకు 2034 వరకు హామీ కలదు. అటుపిమ్మట చేయదగిన పనిని గూర్చి ఆఫ్‌కామ్ అను నియంత్రణ సంస్థ 2024 మే నెలలో మూడు మార్గములు సూచించెను. స్తంభముల వ్యవస్థను మెరుగుపరచి నడుపుట ఒకటి. కొన్ని ముఖ్యమైన చానళ్లకే దానిని పరిమితము చేయుట రెండవది. క్రమక్రమముగా పూర్తిగా నిలిపివేయుట మూడవది.

వయోవృద్ధులు, ఒంటరిగా నివసించువారు, పేదలు, మారుమూల పల్లెలవారు యాంటెనాపై ఎక్కువగా ఆధారపడుచున్నారు. ఇంటర్నెట్ చందా కట్టలేని ముదుసలికి టెలివిజన్ ఒక్కటే తోడు కావచ్చును. తుపాను హెచ్చరికయు దానిలోనే వినవలెను. ఆమె ఇంటిలో ఆ వెలుగు ఆరిపోయినచో ఎన్ని వేదికలు పోటీపడినను ఆమెకు ప్రయోజనము లేదు.

ఈ విషయమున ఆ దేశమే పూర్వము ఒక మంచి దారి చూపినది. 2007 నుండి 2012 వరకు పాత అనలాగ్ ప్రసారములను ప్రాంతములవారీగా నిలిపినప్పుడు, 75 ఏండ్లు దాటినవారికిని, తీవ్రమైన అంగవైకల్యము గలవారికిని ప్రత్యేక సహాయ పథకము నడిపిరి. మనుష్యులను ఇంటికి పంపి, పెట్టె అమర్చి, వాడుక నేర్పిరి. దారి మార్చువారే దారి తెలియనివారి చేయి పట్టుకొని నడిపింపవలెను.

మన అనుభవము

ఈ పాఠము మనకు క్రొత్త కాదు. 1975 ఆగస్టు 1 నుండి ఒక సంవత్సరముపాటు సైట్ అను ఉపగ్రహ బోధనా ప్రయోగము జరిగినది. ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములలో సామూహిక సెట్లు నెలకొల్పబడినవి. నాటి ఆంధ్రప్రదేశ్ గ్రామములును అందులో కలవు. తెలుగున కార్యక్రమములు వచ్చినవి. ఆ ఉపగ్రహము అమెరికా నుండి ఎరువు తెచ్చినది. 1976 జూలై 31తో గడువు ముగియగానే ప్రయోగము ఆగిపోయెను. ఉచితముగా వచ్చిన సేవ దారి పరుల చేతిలో ఉన్నంతకాలము నిలుకడ లేనిదని నాడే తెలిసినది.

నేడు డీడీ ఫ్రీ డిష్ సేవ మన ఉపగ్రహము ద్వారానే నడచుచున్నది. 2004 డిసెంబరులో వేరొక పేర ఆరంభమైన ఈ సేవకు నెలవారీ చందా లేదు. డిష్‌కును, పెట్టెకును ఒక్కసారి ఖర్చుపెట్టిన చాలును. దూరదర్శన్ పాత అనలాగ్ స్తంభములు 2022 నాటికి చాలవరకు నిలిచిపోయినవి కావున, ఇంటర్నెట్ లేని ఇండ్లకు ఈ డిష్ మిక్కిలి ముఖ్యమైనది. 2024 నవంబరులో ప్రసార భారతి వేవ్స్ అను ఇంటర్నెట్ వేదికను గోవాలో ప్రారంభించెను. ప్రత్యక్ష చానళ్లతోపాటు దూరదర్శన్ పాత కార్యక్రమములును, తెలుగు కార్యక్రమములును దానిలో కలవు. ఒకటి వాన, రెండవది కాలువ. మన గ్రామములకు రెండును అవసరము.

కొనుటకు ముందు అడుగవలసినవి

క్రొత్త సెట్టు గాని, పెట్టె గాని కొనువారు ఈ క్రింది ప్రశ్నలు వేయుట మంచిది.

ఒకటి: ఇంటర్నెట్ లేనినాడు ఇది పనిచేయునా? పనిచేయనిచో ఇంటిలోని డిష్‌ను తీసివేయరాదు.

రెండు: నెలకు ఎంత డేటా ఖర్చగును? దినమునకు రెండు గంటలు సామాన్య స్పష్టతతో చూచినను నెలకు సుమారు 60 జీబీ కావలెను. మీ చందా అంత ఇచ్చునో లేదో చూచుకొనవలెను.

మూడు: ఏ కార్యక్రమములు ఉచితము, వేనికి చందా? మొదటి నెల ఉచితమని చెప్పి, పిమ్మట బ్యాంకు ఖాతానుండి సొమ్ము తీసికొను పద్ధతి ఉన్నదేమో తెలిసికొనవలెను.

నాలుగు: ఎన్ని సంవత్సరములు దీనికి మార్పులు అందును? అంగడివాడు చెప్పిన మాటను వ్రాతపూర్వకముగా కోరుట మేలు.

ఐదు: ఇంటిలోని పెద్దలు పరుల సాయము లేకుండ రిమోటు వాడగలరా? వారిచేత వాడించి చూచిన పిమ్మటనే సొమ్ము చెల్లింపవలెను.

పంచాయతీ కార్యాలయమునకును, గ్రంథాలయమునకును సెట్టు కొనునప్పుడు కూడ ఈ ప్రశ్నలే వర్తించును. ఊరిలో ఇంటర్నెట్ తెలిసిన యువకులు వారమునకు ఒక సాయంకాలము వెచ్చించి, వ్యవసాయ కార్యక్రమములను మరల చూచు విధమును పెద్దలకు నేర్పినచో అది ఉత్తమమైన గ్రామసేవ యగును.

వేదికలు పుట్టును, పోటీపడును, పేర్లు మార్చుకొనును. వాని సంఖ్యను బట్టి ఉచిత టెలివిజన్ గొప్పదనమును కొలువరాదు. ఊరి చివరి ఇంటిలో, చేతిలో ఫోను లేని అవ్వకు వాన వార్త అందినదా లేదా అనునదే దానికి సరియైన కొలబద్ద.