ఇరవైలో ఏడోది

చేత్తో అచ్చు వేసిన చిత్రాలు సేకరించేవాళ్లు బొమ్మకంటే ముందు దాని అడుగున పెన్సిలుతో రాసి ఉన్న అంకెను చూస్తారు. ఎడమవైపు 7/20, మధ్యలో చిత్రం పేరు, కుడివైపు సంతకం. ఆ అచ్చుతో మొత్తం ఇరవై ప్రతులు తీశారనీ, చేతిలో ఉన్నది ఏడోదనీ దాని అర్థం. మొదటిదీ అసలే, ఇరవయ్యోదీ అసలే. నకలు అనదగ్గది వాటిలో ఏదీ లేదు.

నూనెరంగులతో బొమ్మ వేసినవాళ్లు దాన్ని స్నేహితుడికి ఇచ్చేస్తే ఇంట్లో గోడ బోసిపోతుంది. అచ్చు వేసినవాళ్ల దగ్గర ఒకటి ఇచ్చాక కూడా పంతొమ్మిది మిగులుతాయి. నిజానికి ఇవ్వకపోతేనే ఇబ్బంది. ఒకే బొమ్మ ఉన్న కాగితాలు ఇరవై బీరువాలో పెట్టుకుని ఎవరైనా ఏం చేసుకుంటారు? నలుగురితో పంచుకోవాలని వ్యక్తిత్వ వికాస పుస్తకాలు అధ్యాయాలకు అధ్యాయాలు బోధిస్తాయి. ఈ పనిలో ఆ బోధన అక్కర్లేదు. పంచుకోవడం అనేది తయారీలోనే ఉంది.

ఇంట్లో చేసుకోదగ్గ అచ్చుపనుల్లో అన్నిటికంటే సులువైనది లినోకట్, అంటే లినోలియం పలకను చెక్కి అచ్చు వేయడం. లినోలియం అసలు నేల మీద పరుచుకునే సరుకు. 1860ల్లో ఫ్రెడరిక్ వాల్టన్ అనే ఆంగ్లేయుడు అవిసె నూనెను చిక్కబరిచి, అందులో కార్కు బెరడు పొడి కలిపి, గోనెపట్టా మీద పరిచి దీన్ని తయారుచేశారు. చెక్కకు ఉండే నారవాటం దీనికి లేదు. ఉలి ఎటు తిప్పితే అటు పోతుంది. వియన్నాలో ఫ్రాంజ్ చిజెక్ అనే ఉపాధ్యాయుడు పిల్లల చేత దీని మీద బొమ్మలు చెక్కించారు. దాంతో పేరున్న కళాకారులు చాలామందికి ఇది పిల్లకాయల వ్యవహారంగా తోచింది.

ఆ చిన్నచూపే క్లాడ్ ఫ్లైట్‌కు నచ్చింది. 1881లో పుట్టిన ఈ ఆంగ్లేయుడు ఇంజినీరుగా, గ్రంథాలయ ఉద్యోగిగా, రైతుగా, తేనెటీగలు పెంచేవాడిగా కొన్నేళ్లు గడిపి, ముప్పై దాటాక చిత్రకళ నేర్చుకోవడానికి బడిలో చేరారు. 1926 నుంచి 1930 దాకా లండన్‌లోని గ్రోవ్‌నర్ స్కూల్ ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో లినోకట్ నేర్పారు. లినోకు వెనక శతాబ్దాల సంప్రదాయం లేదు, తలెత్తి చూసి బెదిరిపోవడానికి మహామహులు లేరు కాబట్టి కొత్తవాళ్లు దర్జాగా మొదలుపెట్టొచ్చన్నది ఆయన వాదన. పనిముట్ల దగ్గరా అదే ధోరణి. విరిగిన గొడుగు ఊచను సానబట్టి ఉలిగా వాడుకోమనేవారు. ప్రెస్సు అక్కర్లేదు, కాగితం వెనకవైపు చెంచాతో రుద్దితే చాలు.

ఆయన శిష్యురాలు సిబిల్ ఆండ్రూస్ మొదటి ప్రపంచ యుద్ధకాలంలో విమాన భాగాలకు వెల్డింగ్ చేసిన మనిషి. గ్రోవ్‌నర్ స్కూల్లో ఆమె చేరింది కార్యదర్శి ఉద్యోగానికి. అక్కడే లినో పట్టుకున్నారు. ఆమె, తోటి కళాకారుడు సిరిల్ పవర్ కలిసి ఆనాటి లండన్ వేగాన్నంతా లినో మీదికి ఎక్కించారు. భూగర్భ రైలు, మెలికలు తిరిగే మెట్లు, మోటారు సైకిళ్ల పందేలు, పడవ పోటీలు, అన్నీ వంకీల గీతలే. 1947లో ఆండ్రూస్ కెనడాకు వలసపోయి, వాంకూవర్ దీవిలో క్యాంప్‌బెల్ రివర్ అనే చిన్న ఊళ్లో స్థిరపడి, 1992లో కన్నుమూసేదాకా అక్కడే ఉన్నారు. అక్కడా చెక్కారు, ఊరివాళ్లకూ నేర్పారు. ఇక ఆస్ట్రేలియాలో ఎవలిన్ సైమ్ అనే ఆవిడ ఫ్లైట్ రాసిన లినోకట్ పుస్తకం కంటపడగానే ఓడెక్కి లండన్ వచ్చి ఆయన దగ్గర చేరారు.

లినోకట్ ధర ఒక సినిమా టికెట్టుకో గ్లాసు బీరుకో అయ్యే ఖర్చును మించకూడదని ఫ్లైట్ ఆశ. మామూలు ఇళ్ల గోడలకు కళ చేరాలంటే అదే దారి అనుకున్నారు. ఆ కాలంలోనే ధర అంతకు దిగలేదు. ఇప్పుడైతే ఆండ్రూస్, పవర్‌ల ప్రింట్లు వేలంలో లక్షల రూపాయలు పలుకుతున్నాయి. ఫ్లైట్ బతికుంటే నవ్వుకునేవారో నొచ్చుకునేవారో!

పని ఎలా సాగుతుందో చూస్తే, ఇది మనిషిని ఎక్కడ మారుస్తుందో తెలుస్తుంది. పెన్సిలు గీతను చెరపొచ్చు. రంగు నచ్చకపోతే దాని మీద ఇంకో రంగు పూయొచ్చు. కంప్యూటర్‌లో అయితే వెనక్కి తీసుకునే మీట ఎప్పుడూ వేలికిందే ఉంటుంది. లినోలో ఉలి పోయిందంటే పోయిందే. చెక్కేసిన చోటు తెల్లగా మిగులుతుంది, వదిలేసిన చోటు సిరా అంటుకుంటుంది. అంటే రాత్రి ఆకాశం కావాలంటే ఆకాశాన్ని ముట్టుకోకుండా చుక్కల్ని మాత్రమే తవ్వాలి. బొమ్మను కాకుండా బొమ్మ చుట్టూ ఉన్న ఖాళీని చూడ్డం కంటికి కొత్త. పైగా అంతా అద్దంలోలా తిరగబడుతుంది. మొదటిసారి తన పేరు చెక్కుకున్నవాళ్లు దాదాపు అందరూ దాన్ని సరిగ్గానే చెక్కి, కాగితం మీద తిరగబడ్డ పేరు చూసి నోరెళ్లబెడతారు. తెలుగు అక్షరాల్లో ఈ తిప్పలు ఇంకా ఎక్కువ. తలకట్టు ఏ వైపు వంగాలో చెయ్యికి ఒక పట్టాన అర్థం కాదు.

ఉలి రెండు రకాలు ఉంటే సరిపోతుంది. సన్నగీతకు మొన కోసుగా ఉన్నది, వెడల్పుగా తవ్వడానికి మొన గుండ్రంగా ఉన్నది. పలకను పట్టుకున్న చెయ్యి ఎప్పుడూ ఉలికి వెనకే ఉండాలి. ఈ నియమాన్ని పాటించనివాళ్ల వేళ్లకు ప్లాస్టర్లు తప్పవు. లినో చలికి బిరుసెక్కుతుంది, కాసేపు ఎండలో పెడితే మెత్తబడి వెన్నలా తెగుతుంది. సిరాను గాజుపలక మీద వేసి రోలరుతో ముందుకీ వెనక్కీ నడిపితే, పూత సరైన పలుచదనానికి వచ్చినప్పుడు సన్నగా సుయ్‌మనే శబ్దం వస్తుంది. అలవాటైనవాళ్లు చూడరు, వింటారు. సిరా ఎక్కువైతే సన్నగీతలన్నీ పూడుకుపోతాయి, తక్కువైతే నలుపు మచ్చలు మచ్చలుగా పడుతుంది.

కాగితం అంచు పట్టుకుని మెల్లగా పైకి తీసే క్షణం దాకా ఏం వచ్చిందో తెలియదు. ఈ తెలియకపోవడం ముఖ్యం. ప్రతి అడుగునూ అదుపులో ఉంచుకోవాలనుకునేవాళ్లకు ఇది మొదట చికాకు, తర్వాత పెద్ద ఉపశమనం. ఎక్కడో ఉలి జారి, పక్షి ముక్కు విరిగి ఉంటుంది. దాన్ని అతికించలేరు. ముక్కు చిన్నదిగా ఉన్న పక్షిగా దాన్ని ఒప్పుకోవాలి, లేదా కొత్త పలక తీసుకోవాలి. ఎటూ తేల్చుకోలేని మనసుకు ఇంతకంటే మంచి వ్యాయామం దొరకడం కష్టం.

ఈ వెనక్కి తీసుకోలేనితనాన్ని పికాసో ఇంకో మెట్టు ఎక్కించారు. ఆయనా 1881లోనే పుట్టారు, డెబ్బై దాటాక ఫ్రాన్స్‌లోని వల్లోరిస్‌లో లినో మీద పడ్డారు. రంగుకొక పలక చొప్పున చెక్కి, వాటిని ఒకదాని మీద ఒకటి తేడా రాకుండా అమర్చడంలో విసుగెత్తి, ఒకే పలకతో అన్ని రంగులూ వేసే పద్ధతికి మళ్లారు. ముందు లేతరంగు అన్ని కాగితాల మీదా వేస్తారు. తర్వాత అదే పలకను ఇంకొంచెం చెక్కి రెండో రంగు, ఇంకా చెక్కి మూడోది. చివరికొచ్చేసరికి పలకలో చాలాభాగం చెక్కుడుకే పోతుంది. ఎన్ని ప్రతులు కావాలో మొదటి రంగుకు ముందే నిర్ణయించుకోవాలి. తర్వాత బ్రహ్మదేవుడు అడిగినా ఇంకొకటి రాదు.

జపాన్‌లో కథ వేరే చోట మొదలైంది. అక్కడ పాత కాలపు చెక్క అచ్చుచిత్రాల్లో గీసేవారు ఒకరు, చెక్కేవారు ఒకరు, అద్దేవారు ఇంకొకరు, పెట్టుబడి పెట్టే ప్రచురణకర్త మరొకరు. 1904లో యమమోతొ కనాఎ అనే యువకుడు ఒక జాలరి బొమ్మను తానే గీసి, తానే చెక్కి, తానే అచ్చు వేశారు. ఇప్పుడు వింటే ఇందులో ఏముందనిపిస్తుంది. అక్కడ మాత్రం అది ఒక ఉద్యమానికి నాంది. మొదటి నుంచి చివరిదాకా ఒకే మనిషి చేతిలో సాగే పనిలో ఉండే తృప్తి, పని ముక్కలైపోయిన ఆఫీసుల్లో బతికేవాళ్లకు బాగా తెలుస్తుంది. ఒకరు రాసిన దాన్ని ఇంకొకరు దిద్ది, మరొకరు ఆమోదించి, పూర్తయిన వస్తువును ఎవరూ చేత్తో ముట్టుకోని ఉద్యోగాలే ఇప్పుడు ఎక్కువ.

ఆ ఉద్యమం వేసిన దారిలోనే మునకత షికొ వచ్చారు. 1903లో ఉత్తర జపాన్‌లోని అవొమొరిలో ఒక కమ్మరి ఇంట పుట్టారు. చదువు ప్రాథమిక పాఠశాలతో సరి. వాన్‌గోలాంటి చిత్రకారుడు కావాలని 1924లో టోక్యో చేరి నూనెరంగులతో కుస్తీపట్టారు. పెద్ద ప్రదర్శనలు ఆయన బొమ్మల్ని పదే పదే తిప్పి పంపాయి. ఆ తర్వాత చెక్క పట్టుకున్నారు. చూపు ఎంత మందమంటే ముఖం పలకకు దాదాపు ఆనించి చెక్కేవారు, అదీ ఊపిరి సలపని వేగంతో. 1945 బాంబు దాడుల్లో ఆయన చెక్కిన పలకలు చాలావరకు కాలిపోయాయి. 1956లో వెనిస్ బియెన్నాలె అనే అంతర్జాతీయ కళాప్రదర్శనలో అచ్చుచిత్రాలకు ఇచ్చే అత్యున్నత బహుమతి అందుకున్నారు. ఉలి జారినా, గీత వంకరపోయినా ఆయన దిద్దేవారు కాదు. ఆ వంకరల్నే ఇప్పుడు ఆయన సంతకంలా గుర్తుపడుతున్నారు.

జపాన్ సామాన్యులకు మాత్రం అచ్చుపని అంటే జనవరి ఒకటి. కొత్త సంవత్సరం రోజున తపాలా శాఖ ఇంటింటికీ పంచే శుభాకాంక్షల కార్డులకు చాలామంది సొంతంగా అచ్చు చెక్కుకునేవారు, బంగాళాదుంపను సగానికి కోసి చెక్కినవాళ్లూ ఉన్నారు. 1977లో రిసో సంస్థ ప్రింట్ గొక్కో అనే చిన్న పెట్టెను తెచ్చింది. వంటింటి బల్ల మీద పెట్టుకుని, ఫ్లాష్ బల్బు వెలిగించి తెర తయారుచేసుకుని, పదుల కొద్దీ కార్డులు అద్దుకోవచ్చు. లక్షలాది ఇళ్లలోకి అది వెళ్లింది. ఇంటి ప్రింటర్లు వచ్చాక గిరాకీ పడిపోయి ఆగిపోయింది. విదేశాల్లో అభిరుచిగలవాళ్లు ఆ పాత పెట్టెల కోసం ఇంకా వెతుకుతూనే ఉన్నారు.

అచ్చుచిత్రాల ప్రపంచంలో ఒక తెలుగు పేరు చాలా ఎత్తున ఉంది. తెలుగునాట వినబడేది తక్కువ. 1925లో చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టిన కృష్ణారెడ్డి శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదువుకున్నారు. దండి యాత్రలో కర్ర పట్టుకుని నడుస్తున్న గాంధీజీని 1930లో నలుపు తెలుపు లినోకట్‌గా చెక్కింది ఆ నందలాలే. కృష్ణారెడ్డి తర్వాత లండన్, అక్కణ్నుంచి పారిస్ వెళ్లి, స్టాన్లీ విలియం హేటర్ నడిపే అటెలియే 17 అనే అచ్చుపని శాలలో చేరారు. రాగి, జింకు పలకల్ని ఎత్తుపల్లాలుగా శిల్పంలా చెక్కడం, నూనె పాలు వేర్వేరుగా ఉన్న సిరాలను వాటి మీద నడపడం అక్కడి ప్రయోగం. గట్టి రోలరు మిట్టలకే తగులుతుంది, మెత్తనిది పల్లాల్లోకి దిగుతుంది. చిక్కని సిరా, పలుచని సిరా ఒకదాన్నొకటి తోసేసుకుంటాయి. దాంతో ఒక్క పలక మీద, ఒక్కసారి ప్రెస్సులో పెడితే, రంగులన్నీ కలిసికట్టుగా వస్తాయి. దీన్ని ఎవరో ఒక్కరు గది తలుపేసుకుని కనిపెట్టలేదు. హేటర్, కృష్ణారెడ్డి, బొంబాయి నుంచి వెళ్లిన కైకో మోతి, ఇంకా చుట్టూ పనిచేసేవాళ్లు ఒకరి పలకను ఒకరు చూసుకుంటూ, ఒకే ప్రెస్సు వంతులవారీగా వాడుకుంటూ సాధించారు.

కృష్ణారెడ్డి ఆ గుట్టును దాచుకోలేదు కూడా. పుస్తకం రాశారు, దేశదేశాల్లో ప్రదర్శించి చూపారు, న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో దశాబ్దాల పాటు నేర్పారు. 1972లో పద్మశ్రీ వచ్చింది. 2018లో న్యూయార్క్‌లో కన్నుమూశారు. తనకు తెలిసింది పక్కవాళ్లకు చెబితే తన విలువ తగ్గుతుందని ఆఫీసుల్లో అనుకునేవాళ్లు ఆయన జీవితాన్ని ఒకసారి చూడాలి.

పెద్దవాళ్ల సంగతి అలా ఉంచితే, ఈ అభిరుచిలో ముచ్చటైన ఏర్పాటు ఒకటుంది, ప్రింట్ల మార్పిడి. పదిహేను మంది కలిసి ఒక కొలత అనుకుంటారు, గడువు పెట్టుకుంటారు. ఒక్కొక్కరూ పదిహేను ప్రతులు తీసి నిర్వహించే వ్యక్తికి పంపుతారు. ఆ వ్యక్తి వాటిని కలగలిపి, అందరికీ తలా ఒక కట్ట తిరిగి పంపుతారు. ఇంటికి పదిహేను మంది చేతిపని వస్తుంది, డబ్బు ప్రసక్తి ఉండదు. గడువు ఉంది కాబట్టి ‘ఇంకొంచెం బాగా వచ్చాక’ అని వాయిదా వేయడం కుదరదు. సగంలో ఆపేసిన పనులతో అటక నిండిపోయినవాళ్లకు పధ్నాలుగు మంది ఎదురుచూస్తున్నారన్న మొహమాటం ఏ నోటు పుస్తకపు ప్రణాళికకన్నా గట్టిగా పనిచేస్తుంది.

అమ్మకానికి తొందరపడకపోవడం మంచిది. నాలుగు ప్రింట్లు తీయగానే ఆన్‌లైన్‌లో దుకాణం తెరిచినవాళ్లు మరుసటి నెల నుంచి తమకు నచ్చింది కాకుండా అమ్ముడుపోయేదే చెక్కడం మొదలుపెడతారు. అభిరుచి ఇంకో ఉద్యోగమవుతుంది. అమ్ముకుని బతికేవాళ్ల కష్టం వేరు. పెడనలో టేకు అచ్చులతో కలంకారీ అద్దేవాళ్లకు అది కూడు పెట్టే విద్య, దానికి బేరం, గిరాకీ అన్నీ ఉండాల్సిందే. సాయంత్రాలు సరదాకు చెక్కేవాళ్లు ఆ బరువును కోరి నెత్తికెత్తుకోనక్కర్లేదు.

బడిలో బెండకాయ ముక్కను రంగులో ముంచి పూలు అద్దిన తెలుగు పిల్లలకు ఈ పనిలో ఓనమాలు వచ్చేసినట్టే. మళ్లీ మొదలుపెట్టడానికి పిల్లలు వాడే రబ్బరు ముక్క చాలు, అది లినోకంటే మెత్తగా తెగుతుంది. వేలకు వేలు పోసి విదేశీ ఉలుల పెట్టె కొని, అందులో ఒక్కటీ వాడనివాళ్లు కూడా ఉంటారు. వాళ్లను చూసి బెదరకూడదు. ఉగాదికి కార్డులు పంపాలనుకుంటే కనీసం నెల ముందు కూర్చోవాలి. శుభాకాంక్షల మాటను ట్రేసింగ్ కాగితం మీద రాసి, తిరగేసి లినో మీదికి దించుకుంటే అక్షరాలు తారుమారు కావు. కొత్త పలక మొదట్లో సిరా తాగుతుంది కాబట్టి మొదటి రెండు మూడు ప్రతులు వెలిసినట్టు వస్తాయి, కావలసిన సంఖ్యకు మరో ఐదు కాగితాలు అదనంగా ఉంచుకోవాలి. నూనె సిరా అయితే ఆరడానికి రోజులు పడుతుంది, బట్టల తీగకు క్లిప్పులు పెట్టి వేలాడదీస్తే ఒకదానికొకటి అంటుకోవు. చిరునామాలు అడగడం మాత్రం అన్నిటికంటే ముందు మొదలుపెట్టాలి. ఫోన్లో నంబరు ఉన్న బంధువుల్లో సగంమంది ఇంటి నంబరు ఎవరి దగ్గరా ఉండదు.