కార్డు కథలో ఎంత పడుతుంది?

ప్రశ్న: పోస్టుకార్డు మీద పట్టే కార్డు కథ రాద్దామని కూర్చుంటే ప్రతిసారీ పెద్ద కథకు సారాంశంలా తేలుతోంది. లోపం ఎక్కడ?

జవాబు: కుదించడంలోనే. బుల్లి కథకు కావలసింది ఒక్క క్షణం. ముందూ వెనకా పాఠకుడే పూరించుకుంటాడు.

దేశ విభజన మారణకాండపై ఉర్దూ రచయిత సాదత్ హసన్ మంటో 1948లో తెచ్చిన 'సియా హాషియే'లో కొన్ని కథలు రెండు మూడు వాక్యాలే. అందులో 'జెల్లీ' కాస్త పెద్దది. పొద్దున్నే ఐసు అమ్మేవాణ్ణి ఎవరో పొడిచేస్తారు. శవాన్ని తీసుకెళ్ళాక కరిగే ఐసూ, పేరుకున్న నెత్తురూ రోడ్డు మీదే మిగులుతాయి. టాంగాలో వెళ్తున్న పసివాడు ఆ మెరుపు చూసి, జెల్లీ అనుకుని అమ్మను పట్టి లాగుతాడు. అంతే! చంపిందెవరో, చచ్చినవాడిది ఏ మతమో మంటో చెప్పడు.

గ్వాటెమాలా రచయిత అగస్టో మోంటెర్రోసో 1959లో అచ్చువేసిన 'డైనోసార్' స్పానిష్‌లో ఏడే మాటలు.

కార్డు కథకులు మొదటి రెండు వాక్యాలూ కొట్టేసి చదువుకోవాలి. తరచూ అక్కడ సూర్యోదయం తప్ప ఏమీ ఉండదు.