క్రసాంటో క్వాసోనో... ముందు తినమ్మా!

లండనుకో డాలస్‌కో వెళ్లిన కొత్తల్లో కాఫీ షాపులో నిలబడితే మనకు ఒకటే బెంగ. అద్దాల వెనక వెన్నతో నిగనిగలాడే ఆ నెలవంక రొట్టె నోరూరిస్తుంటుంది. అడుగుదామంటే పేరు గొంతులోనే ఆగిపోతుంది. వెనకవాళ్లు నవ్వుతారేమోనని ఏ మఫిన్‌తోనో సరిపెట్టుకుంటాం. ఇష్టమైంది వదులుకుని ఉసూరుమనడం ఎందుకు చెప్పు?

అసలు సంగతి విను. పుట్టినప్పట్నుంచీ ఇంగ్లీషు మాట్లాడేవాళ్లకే ఈ ఫ్రెంచి పేర్ల దగ్గర పొత్తు కుదర్లేదు. ఆ నెలవంక రొట్టెనే అమెరికాలో ఎక్కువమంది 'క్రసాంట్' అంటారు. ఇంగ్లండులో చివరి 'ట్' వదిలేసి 'క్వాసోన్' లాగా అంటారు. ముల్లు తీసిన చేపముక్క దగ్గరకొచ్చేసరికి కథ తిరగబడుతుంది. అమెరికాలో అది 'ఫిలే', ఇంగ్లండులో 'ఫిలిట్'. కెఫే, బఫే అనేటప్పుడు అమెరికావాళ్లు చివర ఒత్తుతారు, బ్రిటిష్‌వాళ్లు మొదట. వంటలో వేసే 'హర్బ్' అమెరికాలో 'అర్బ్'. ఇంగ్లీషులో 'హ' లేని పలుకే పాతది. రాతలో ఉంది కదా అని బ్రిటిష్‌వాళ్లు తర్వాత అందుకున్నారు. ఇక తప్పెవరిదందాం?

కాబట్టి మనం చేయాల్సింది తేలికే. ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరి పలుకు. మన ముందున్నవాళ్లు ఎలా అడుగుతున్నారో కాస్త చెవిన వేసుకుంటే చాలు.

మరీ జాగ్రత్త పడినా చిక్కే సుమా! ఫ్రెంచిలో చివరి హల్లు మింగేయాలని విని, కొందరు 'విషీస్వాజ్'ను 'విషీస్వా' చేసేస్తారు. 1917లో న్యూయార్క్ రిట్జ్-కార్ల్‌టన్ హోటల్లో లూయీ డియా చేశాడని చెప్పే చల్లటి బంగాళదుంప సూప్ అది. రాతలో పేరు చివర 'e' అక్షరం ఉంటే దాని ముందు హల్లు పలుకుతుంది. 'నిస్వాజ్' సలాడ్‌కూ అంతే. ఈ ఒక్కటీ గుర్తుపెట్టుకో, సగం దిగులు తీరుతుంది.

అయినా మనం ఆదివారం పూట వండే మటన్ మాత్రం? 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక ఇంగ్లీషులో చేరిన ఫ్రెంచి మాటల్లో అదీ ఒకటి. దాన్ని ఫ్రెంచివాళ్లలా పలకమని ఇవాళ ఎవరైనా అడుగుతున్నారా? వాడగా వాడగా ఇంటిమాటైపోయింది.

ఇంకా జంకుగా ఉంటే వేలు పెట్టి చూపించు, "దీన్నేమంటారండీ?" అని నవ్వుతూ అడుగు. అందులో నామోషీ ఏముంది? ఒక్క మాట మాత్రం వినాలి నువ్వు. నీ పక్కనున్నవాళ్లు ఇంకోలా పలికితే నలుగురిలో దిద్దకు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది కదమ్మా!