ఎక్కడ తగులుతోంది?

బొమ్మ రోబో కిట్ పెట్టె మీద చిత్రంలో రోబో ఒంటి మోకాలి మీద కూర్చుని తుపాకీ గురిపెడుతుంది. మనం బిగించిన రోబో మాత్రం స్కూల్ గ్రూప్ ఫొటోలో పిల్లాడిలా చేతులు ఒంటికి ఆనించుకుని నిలబడుతుంది. కాలు ముందుకు తిప్పబోతే సగంలోనే ఆగిపోతుంది. అప్పుడు ఎక్కువమంది చేసే పని, ఇంకాస్త బలంగా తిప్పడం. టప్‌మని కీలు విరుగుతుంది.

పొద్దున్నే లేవాలనో, మీటింగులో మాట్లాడాలనో మీరు చేసిన తీర్మానం ఈమధ్యే ఇలా విరిగి ఉంటే, కాసేపు నా బల్ల దగ్గర కూర్చోండి.

జపాన్‌లో ఈ బొమ్మల్ని గన్‌ప్లా అంటారు. 1979లో వచ్చిన టీవీ సీరియల్లోని రోబో పేరు గండమ్ (మన చెవికి అపశకునమే, ఏం చేస్తాం). 1980 జులైలో బందాయ్ కంపెనీ దాన్ని కిట్‌గా అమ్మింది. వెల 300 యెన్లు. కథలో 18 మీటర్ల ఎత్తున్న రోబో, 144వ వంతుకు కుదించిన కిట్‌లో పన్నెండున్నర సెంటీమీటర్లు. అప్పట్లో జిగురుతో అతికించాలి, కీళ్లు అంతంతమాత్రంగా వంగేవి. ఇప్పటివి నొక్కితే బిగుసుకుంటాయి. అయినా మొరాయించే కాలు ఏదో ఒకటి ఉంటూనే ఉంటుంది.

ఆ కాలు ఎందుకు కదలదు? కీలు మంచిదే. ‘హై గ్రేడ్’ అనే రకం కిట్లు చాలావాటిలో నడుము ముందు రెండు కవచపు రేకులుంటాయి. రెంటినీ కలుపుతూ మధ్యలో చిన్న ప్లాస్టిక్ పుల్ల. ఎడమ కాలు లేస్తే కుడి రేకు కూడా లేవాలి. నిప్పర్‌తో (ప్లాస్టిక్ కత్తిరించే పటకారుతో) ఆ పుల్లను సరిగ్గా మధ్యకు కత్తిరిస్తే చాలు, ఏ రేకు దారి దానిదే. కాలు పైకి లేస్తుంది. పని అరనిమిషం. ఆ పుల్లను కనిపెట్టడానికి మాత్రం గంట పట్టొచ్చు.

మనం ఈ గంటనే ఎగ్గొడతాం. ‘నాకు బిడియం ఎక్కువ’ అని మొత్తం మనిషినే తప్పుపట్టుకుంటాం. నిజంగా తగిలేది మీటింగులో మొదటి వాక్యం ఒక్కటే కావచ్చు. దాన్ని ముందురోజు రాత్రి కాగితం మీద రాసుకుని వెళ్లండి. రెండో వాక్యం దానంతటదే వస్తుంది. పొద్దున్నే లేవలేకపోతున్నారా? అలారాన్ని తిట్టకండి, రాత్రి భోజనం ఎన్నింటికో చూడండి.

జపాన్ వాళ్లకు ‘కారిగుమి’ అని ఒక అలవాటుంది. రంగు వేయకముందే, ఏదీ కోయకముందే, బొమ్మను తాత్కాలికంగా బిగించి అన్ని వైపులా తిప్పి చూస్తారు. నేను ఒకసారి ఇది మానేశాను. మోకాలు ఇంకా వంగాలని తొడ వెనక అంచును కత్తితో చెక్కుతూ పోయాను. మోకాలు వంగింది, వెనక బొక్క పడింది. పుట్టీ పెట్టి, ఆరనిచ్చి, ఉప్పుకాగితంతో రుద్ది సరిచేసేసరికి రెండు సాయంత్రాలు పోయాయి. ఉద్యోగం మానేస్తాను, ఊరు మారుస్తాను అనేవాళ్లకు నా సలహా ఇదే: వారంపాటు తాత్కాలికంగా బిగించి చూడండి, సెలవు పెట్టయినా సరే.

అన్ని లోపాలూ బిగుతువే కావు. కొన్ని కీళ్లు వదులు. చెయ్యి ఎత్తి పెడితే ఆయుధం బరువుకు జారిపోతుంది. అడిగినవాళ్లందరికీ సరే అనే మనిషిలాగా. దానికి బంతికీలు మీద సూపర్ గ్లూ పల్చగా పూసి, పూర్తిగా ఆరనిచ్చి, అప్పుడు తిరిగి దూర్చాలి. చాలకపోతే ఇంకో పూత. తడిగా ఉండగానే దూర్చారా, ఆ చెయ్యి ఇక జన్మలో కదలదు. ‘ఇకమీదట ఎవరికీ సాయం చేయను’ అనే శపథం ఆ తడి గ్లూ బాపతే. ఈ నెలకు ఒక్క పనికి ‘కుదరదండీ’ అనండి, ఆ పూత ఆరనివ్వండి.

యోకొహామాలో 2020 డిసెంబరు నుంచి 2024 మార్చి దాకా అసలు ఎత్తులోనే, 18 మీటర్ల గండమ్‌ను నిలబెట్టి కదిలించారు. బరువు దాదాపు 25 టన్నులు. నడుమును వెనక నుంచి ఒక ఆధారం పట్టుకుని ఉంటేనే అది అడుగు వేసేది. అలా ఆసరా తీసుకోవడంలో నాకు చిన్నతనమేమీ కనిపించలేదు.

నా బల్ల మీది రోబో ఇప్పుడు మోకాలి మీద చక్కగా కూర్చుంటోంది. తొడ వెనక పుట్టీ మరక ఇంకా తెలుస్తూనే ఉంది. ఆ వైపు గోడకు తిప్పి పెట్టాను.