వయ్యారిభామ పూతకొచ్చింది, మందు డబ్బా పక్కన పెట్టండి

జూన్ జల్లులకు గట్ల మీద, బండిబాటల పక్కన లేచిన వయ్యారిభామ ఈ బెట్టలోనూ తెల్లగా పూస్తోంది. వేరుశనగ ఇంకా నెల పైరు కాలేదు. ఈ నెల నన్ను కలవరపెడుతున్నది ఆ పూతే.

2000 ఖరీఫ్ గుర్తున్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఆ ఏడు అనంతపురం జిల్లాలో కాండంకుళ్లు వైరస్ తెగులు సుమారు 2.25 లక్షల హెక్టార్ల వేరుశనగను తాకింది. నష్టం 300 కోట్ల రూపాయలు దాటిందని అంచనా. ఆ వైరస్ వయ్యారిభామలో ఏ లక్షణమూ బయటపడకుండా ఉండి, దాని పుప్పొడిలో చేరుతుంది. ఆడపువ్వును చేరి గింజ కట్టించాల్సిన పుప్పొడి తామర పురుగుల ఒంటికి అంటుకుని మన చేలోకి వస్తుంది. పురుగు లేత ఆకును గీకినచోట వైరస్ లోపలికి పోతుంది. ముందు ఆకు మీద మాడిన మచ్చ, తర్వాత కాడ నల్లబడి మొవ్వు ఎండుతుంది. వేరుశనగ పువ్వు మాత్రం రేకుల చాటున తన పుప్పొడితో తానే కాయ కడుతుంది, ఆ పుప్పొడి బయటపడదు. కాబట్టి చూడాల్సింది చేను కాదు, గట్టు.

మచ్చ కనబడగానే అంగడికి పరుగెత్తితే రెండు మూడు మందులు కలిపి, పైన ఒక టానిక్ అంటగడతారు. వైరస్‌ను చంపే మందు ఏ అంగడిలోనూ లేదు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పాలి? కొట్టినా ఆ మొక్క బతకదు. పోయేది మీ డబ్బు, పైరును కాచే అక్షింతల పురుగులు.

వయ్యారిభామకు గింజ తప్ప వేరే దారి లేదు. ఒక్కో మొక్క వేల గింజలు రాలుస్తుంది నిజమే, కానీ పూతకు ముందే పీకితే దాన్నుంచి ఒక్క గింజా రాదు. కొడవలితో కోస్తే మోడు మళ్లీ చిగురించి పూస్తుంది. నేల పదునుగా ఉన్నప్పుడు వేరుతో సహా పీకండి. చేతికి గుడ్డ చుట్టుకోండి, దురద, ఆయాసం వస్తాయి. పక్క చేను రైతును, పంచాయతీని కలుపుకోకపోతే మీ ఒక్కరి కష్టం గాలికిపోతుంది. తుంగ మాత్రం ఇలా లొంగదు. అది నేలలోని గడ్డల నుంచి పుడుతుంది, పైన పీకితే కింద మిగిలిన గడ్డ మళ్లీ మొలుస్తుంది. దానికి ఎండాకాలపు లోతు దుక్కే దారి.

ఇంకా విత్తనివాళ్లు కిలో విత్తనానికి 2 మి.లీ. ఇమిడాక్లోప్రిడ్ 600 ఎఫ్.ఎస్. పట్టించి, చేను చుట్టూ నాలుగు సాళ్లు జొన్నగానీ సజ్జగానీ వేయండి. పక్కన పొద్దుతిరుగుడు, బంతి వద్దు. వాటికీ ఈ వైరస్ సోకుతుంది.

బెట్ట సాగితే పేనుబంక లేస్తుంది. అందులో ఆడది మగదానితో పని లేకుండానే పిల్లల్ని కంటుంది, ఆ పిల్లలు వారం పది రోజుల్లో తల్లులవుతాయి. అందుకే ఉన్నట్టుండి పెరిగినట్టు కనబడుతుంది. అంతమాత్రాన కొమ్మకు నాలుగు పురుగులు చూసి పంపు ఎత్తకండి. అక్షింతల పురుగులు ఉంటే ఆగండి. ఒక గట్టి వాన చాలావాటిని కడిగేస్తుంది.

ఎర్రగొంగళి జతకట్టి గుడ్లు పెట్టే పురుగు. వాన పడ్డాక నేలలోంచి రెక్కల పురుగులు లేచే రాత్రుల్లోనే ఊరంతా కలిసి మంటలు వేయాలి. గొంగళ్లు పెరిగాక కొట్టే మందు దండగ.

కందికి ఇప్పుడే ఏ మందూ అక్కర్లేదు.

చీనీ, దానిమ్మ కొత్తగా నాటేవాళ్లకు ఒక మాట. అంటు మొక్క తల్లిచెట్టులో భాగమే. తల్లికి తెగులుంటే, అది చీనీలో వైరస్ అయినా దానిమ్మలో బ్యాక్టీరియా మచ్చ అయినా, మొక్కతోపాటే మీ తోటకొస్తుంది. చవగ్గా ఇస్తామని ఊళ్లోకి బండి వేసుకొచ్చేవాళ్ల దగ్గర కొనకండి. తల్లిచెట్టును చూపించగల నర్సరీకే వెళ్లండి.